దాచేపల్లి నుండి గుంటూరునకు

తీర్థయాత్రలను గూర్చియు, దూరదేశములను గూర్చియు సోదరీమణులు పలువురు ఈ పత్రికలో వ్రాసియున్నారు. మేము వ్రాయబోవునది అట్టి యాత్ర కాదు. ఏడాదికి పైగా ప్రతి సోమవారమును మేము దాచేపల్లినుండి గుంటూరునకు పోయి వచ్చితిమి. చూచిన బాటనే మరల మరల చూచితిమి. ఆ ప్రయాణములు మాకు నేర్పిన పొదుపు మరియొక యింటి కుపయోగపడునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దాచేపల్లి పలనాటిసీమలోని యూరు. 2022 ఏప్రిలు 4వ తేదీకి ముందు గుంటూరు జిల్లాలో నుండెను. ఆనాటినుండి పల్నాడు జిల్లాలో చేరినది. పలనాటి వీరులు పోరాడిన కారెంపూడి మీదుగా వచ్చు నాగులేరు మా యూరిప్రక్కగా సాగి కృష్ణలో కలియుచున్నది. ఈ సీమలో ఎచట త్రవ్వినను సున్నపురాయియే. ఇండ్లలో పరచు నాపరాళ్ళును, గోడలకు వేయు సున్నమును, సిమెంటును ఈ రాతినుండియే వచ్చుచున్నవి. ప్రొద్దున చల్లిన కళ్ళాపి యారకమునుపే, నార్కెట్‌పల్లి–అద్దంకి రాజమార్గమున బోవు లారీల తెల్లదుమ్ము మా ముగ్గుపై మరియొక ముగ్గు వేయును. ఆ దుమ్ముతో మాకు తరువాత పని పడినది.

మామగారు కొన్న డీజిలు అంబాసిడరు బండి మా యింట నున్నది. బెంగాలులోని ఉత్తరపారలో 1958 మొదలు 2014 వరకు ఈ జాతి కార్లు తయారైనవి. ఎత్తైన కప్పు, వెడల్పైన వెనుకసీటు. రోగిని కాలు చాపించి కూర్చుండబెట్టి తీసికొనిపోవుటకు మిక్కిలి యనుకూలము. కాని యది త్రాగు చమురు బడిపంతులు జీతమునకు బరువయ్యెను.

అత్తగారికి చక్కెరవ్యాధి. మడమపై పుండు పడి మానకుండెను. వారమున కొకసారి గుంటూరులో శుభ్రపరపించి కట్టు కట్టించుకొనవలెననియు, అశ్రద్ధ చేసినచో కాలికే ముప్పనియు వైద్యులు చెప్పిరి. నేల మోపరాని కాలితో బస్సెక్కుట యెట్లు? రానుపోను సుమారు 170 కిలోమీటర్లు. ప్రతిసారియు పదునైదు లీటర్లకు పైగా చమురు. రెండు మాసములు గడచునప్పటికి అత్తగారు, "ఈ వారం నొప్పి లేదే అమ్మాయీ, వచ్చే వారం పోదాంలే" యనసాగిరి. ఒకనాడు కట్టు విప్పి చూడగా పుండు మునుపటికంటె లోతైయుండెను. నొప్పి లేదన్నమాట నిజమే కావచ్చును. ఆ వ్యాధిలో పాదమునకు స్పర్శ తగ్గును. అయినను ఆమె ప్రయాణము మానుటకు కారణము వేరు. బంకువద్ద కొడుకు నోట్లు లెక్కించుట ఆమె వెనుకసీటునుండి చూచుచుండెను.

మావారు బండి నమ్మివేసి, బాడుగకారు కుదుర్చుకొందమనిరి. లెక్క చూడగా బాడుగ యంతకంటె నెక్కువయ్యెను. అప్పుడు మేము పాలలెక్క వ్రాయు పుస్తకపు వెనుకపుటలలో బండిలెక్క మొదలిడితిమి. టాంకు అంచువరకు నింపించి, మీటరులోని అంకె వ్రాసికొంటిమి. గుంటూరు పోయి వచ్చి, అదే బంకులో మరల అంచువరకు నింపించి, తిరిగిన దూరమును పట్టిన లీటర్లతో భాగించితిమి. లీటరుకు 11 కిలోమీటర్లు వచ్చినది. రోగము తెలిసినది, ఇక మందు వెదకవలెను.

మందు చెప్పువారికి కొదువ లేకుండెను. ఒకరు చమురుగొట్టమునకు అయస్కాంతము కట్టుమనిరి. ఒకరు టాంకులో గుళికలు వేయుమనిరి. అమెరికా ప్రభుత్వపు పర్యావరణసంస్థ ఇట్టి సాధనములను నూరింటికి పైగా పరీక్షించి, బహు కొద్దివాటివలన మాత్రమే, అదియు స్వల్పముగా, మేలు కలదని తేల్చినది. మరియొకరు కిరసనాయిలు కలుపుమనిరి. అది తప్పుపని యగుటయే గాక, డీజిలులోని జిడ్డు నాశ్రయించి తిరుగు పంపును త్వరగా అరగదీయును. ఇంకొకరు వేరుజాతి ఇంజనును, ఐదు గేర్ల పెట్టెను బిగింపుడనిరి. తయారైననాటి వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలిపినది. రిజిస్ట్రేషనుకు ముప్పు తెచ్చుకొనుట యేల యని ఆ యాలోచన విడిచితిమి.

చివరకు మా యూరి మేస్త్రి సాయిబుగారు చెప్పినది మాకు నచ్చినది. "అమ్మగారూ, ఈ బండికి కొత్తగా పెట్టేదేమీ లేదు. దాన్ని పట్టుకున్నవన్నీ వదిలించాలి, అంతే" అనెను.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని ఇంచుమించు ఇరువదవ వంతునకు కుదియునట్లు నొక్కగా అది కాగిపోవును. అందులోనికి నాజిలు చమురును మంచువలె చిమ్మగా తనంత తానే మండును. 1897లో జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిలు తన యంత్రమును పరీక్షింపగా, చమురులోని శక్తిలో నూటికి 26 పాళ్ళు పనిగా మారెను. ఆనాటి ఆవిరియంత్రములకంటె నది యెంతయో మిన్న. కాని గాలి చాలకున్నను, నాజిలు చిమ్ముటకు మారుగా కార్చినను, చమురు సరిగా మండక నల్లపొగ యగును. పచ్చికట్టెల పొయ్యి నూదినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

సాయిబుగారు మొదట ఎయిర్ ఫిల్టరు విప్పెను. మా ముగ్గుపై వ్రాలెడి తెల్లదుమ్మే అందులో అట్టకట్టియుండెను! బండి ఊపిరాడక పొగ క్రక్కుచున్నదని అప్పుడు తెలిసినది. క్రొత్త ఫిల్టరు వేసిరి. పిదప జాకీతో చక్రముల నొక్కొక్కటే యెత్తి చేత త్రిప్పగా రెండు చక్రములు వెంటనే నిలిచిపోయెను, బ్రేకులు పట్టియుండెను. వానిని సరిచేసెను. అరిగిన నైలాను టైర్లు ఎట్లును మార్చవలసినవే గనుక, అదే కొలతగల రేడియలు టైర్లు వేయించి, పదునైదు దినముల కొకసారి గాలి చూపింప మొదలిడితిమి. కప్పుపై నున్న క్యారియరు తీసివేసితిమి. డిక్కీ తెరచి చూడగా పాత బ్యాటరీ, ఇనుపసామాను, చక్రములకు అడ్డు పెట్టుటకై యెప్పుడో వేసిన నాపరాళ్ళు రెండు బయటపడెను. ఆ రాళ్ళ నెన్ని సోమవారములు గుంటూరునకు త్రిప్పి తెచ్చితిమో! ఇంతమాత్రమునకే పుస్తకములో 12 అంకె పడినది.

తరువాత పంపును, నాజిళ్ళను గుంటూరులోని పంపుపనివారికి చూపితిమి. వేగము కొరకై యెవరో పూర్వము చమురుమర ఎక్కువగా త్రిప్పియుంచిరట. దానిని కొలతకు తెచ్చి, నాజిళ్ళు మార్చిరి. పొగ తగ్గినది, 13 వచ్చినది. టైర్లు గాక ఈ పనులన్నిటి ఖర్చు, మునుపటి ఆరు ప్రయాణముల చమురు వెలకు సమానమయ్యెను. ఆ సొమ్ము ఏడు మాసములలో తిరిగి వచ్చినది.

ఇక మిగిలినది సారథి. భారతములోని నలోపాఖ్యానమున బాహుకుడు బక్కగుఱ్ఱములను రథమునకు కట్టగా ఋతుపర్ణుడు సందేహించెను. కాని గుఱ్ఱముల నెఱిగిన సారథి చేతిలో అవియే దూరమును దాటించెను. మావారు మునుపు గంటకు 80 కిలోమీటర్లు తోలుచుండిరి. వేగము రెట్టింపైనచో ఎదురుగాలి యొత్తిడి నాలుగు రెట్లగును. మా బండి ముఖమో, వెడల్పైనది. 45 మొదలు 55 కిలోమీటర్ల వేగము మేలని పెట్రోలియము పొదుపును బోధించు ప్రభుత్వసంఘము చెప్పుచున్నది. గంటకు 50కి మించకుండ తోలుదమని నిశ్చయించుకొంటిమి. ఆగినచోట ఇంజను ఆపుచుంటిమి. పల్లములో గేరు తీసివేసి జారవిడుచు పొదుపు మాత్రము వలదంటిమి. ప్రాణములను పణముగా పెట్టు పొదుపు పొదుపు గాదు.

మెల్లగా పోవునప్పుడే మాకీ బాట కనబడినది. పిడుగురాళ్ళ సున్నపుబట్టీల పొగ వేకువ చలిలో నేలబారుగా ప్రాకుచుండును. కొండమోడువద్ద అద్దంకి మార్గమును విడిచి సత్తెనపల్లి వైపు తిరుగగా ఇరుప్రక్కల పత్తిచేలు. ముఖమునకు చెంగు చుట్టుకొని స్త్రీలు వంగి పత్తి తీయుచుందురు. మాఘఫాల్గుణములలో కల్లములనిండ మిరపపండ్లు ఎఱ్ఱని జంపఖానాలవలె పరచియుండును. ఆ ఘాటునకు బండిలోని మేమందరమును తుమ్ముదుము. మేడికొండూరు, పేరేచర్ల దాటిన పిమ్మట మిర్చిబస్తాల లారీలు మా ముందు వరుస కట్టును. మునుపు కన్నుమూసికొని కూర్చుండు అత్తగారు, "ఈ చేను పోయినవారం పూతమీదుంది, చూశావా అమ్మాయీ" యని చూపుట మొదలిడిరి. వారు పెరిగినది మిరపచేలలోనే. దారి అరగంటకు పైగా పెరిగినది, ఎవరును విసుగుకొనలేదు.

నెల తిరుగునప్పటికి లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చినది. పదునైదు లీటర్లకు పైబడిన ప్రయాణము పండ్రెండు లీటర్లలో ముగియుచుండెను. ఒకనాటి రాత్రి అత్తగారి మంచము ప్రక్కన కూర్చుండి పుస్తకము చదివి వినిపించితిమి. "మునుపు నాలుగు ప్రయాణాలకు పట్టిన చమురుతో ఇప్పుడు ఐదుసార్లు పోయి రావచ్చునండీ అత్తయ్యా" అంటిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, "అయితే వచ్చే సోమవారం పోదాం" అనిరి. ఆ పిమ్మట ఒక్క వారమైనను మానలేదు. తొమ్మిదవ మాసమున పుండు మానినది. ఇప్పుడామె చేతికఱ్ఱతో నాగులేటి వంతెనదాక నడచి వచ్చుచున్నారు.

సోదరీమణులారా! బండి మీ యింట నున్నను లేకున్నను, మీ యింటి పెద్దలు "నాకు బాగానే ఉంది, డాక్టరు దగ్గరకు అక్కరలేదు" అన్నపుడు, వారి మాటతోబాటు మీ ఖర్చుపుస్తకమును గూడ నొకసారి చూడుడు. ఆ మాట యెచటనుండి వచ్చుచున్నదో అందు కనబడవచ్చును.