లేత గెలాక్సీ కాదది

"అన్నా, రిజర్వేషన్ల మీద రాసేవాడివి, మధ్యలో ఈ గెలాక్సీల గోలేంది?" అని ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు తమ్ముళ్లు. రోహిత్ వేముల కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్నాడు. నాకు ఆ ఒక్క కారణం చాలు.

పాలపుంతతో పోలిస్తే బాగా చిన్నవాటిని తెలుగులో మరుగుజ్జు గెలాక్సీలు అంటున్నారు. మనుషుల్ని వెక్కిరించిన మాటను ఆకాశానికెక్కించడం నాకు నచ్చదు. చిన్న గెలాక్సీలు అందాం.

సప్తర్షి మండలం వైపు అలాంటిదొకటి ఉంది, ఐ జ్వికీ 18. 1930లలో ఫ్రిట్జ్ జ్వికీ అనే స్విస్ శాస్త్రవేత్త దాన్ని ఫొటోల్లో గుర్తించాడు. (ఆ సప్తర్షుల్లోనే వశిష్ఠుడి పక్కన అరుంధతి ఉంటుంది. పెళ్లిలో ఆ చుక్కను చూపించే పంతులు, ఆమె మాదిగల ఆడబిడ్డన్న మన పెద్దల కథ మాత్రం ఎత్తడు. ఎస్సీ జాబితాలో 'అరుంధతీయ' అన్న పేరు ఇప్పటికీ ఉంది.)

ఆక్సిజన్, ఇనుము లాంటి బరువైన మూలకాలు నక్షత్రాల కడుపులో తయారవుతాయి. ఒక తరం చచ్చి చల్లితే, తర్వాతి తరానికి అందుతాయి. ఐ జ్వికీ 18లో అవి చాలా తక్కువ. పైగా దాన్నిండా ఇప్పుడిప్పుడే పుట్టిన నీలి నక్షత్రాలు. 2004లో హబుల్ చిత్రాలు చూసి దీని వయసు 50 కోట్ల ఏళ్లు దాటదన్నారు. అంటే దీనికి ముందు తరాలు లేవని తీర్పు.

2007లో అలెస్సాండ్రా అలోయిసి బృందం అదే హబుల్‌తో మళ్లీ మళ్లీ చూసింది. మసక మసకగా ఎర్రటి ముసలి నక్షత్రాలు బయటపడ్డాయి. కనీసం 100 కోట్ల ఏళ్లవి, బహుశా 1000 కోట్ల ఏళ్లవి కూడా. ఇంకో సంగతి కూడా తేలింది: గెలాక్సీ అనుకున్నదానికంటే దూరంగా, దాదాపు 5.9 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది. ముసలివాళ్లు మొదటినుంచీ అక్కడే ఉన్నారు. దూరం తక్కువగా లెక్కేశారు, చాలినంతసేపు చూడలేదు, అంతే.

గెలాక్సీకి కులం లేదు, పోలిక నాది. కానీ యూనివర్సిటీ ఫారంలో 'ఫస్ట్ జనరేషన్' గడి దగ్గర టిక్కు పెట్టే ప్రతిసారీ నాకిది గుర్తొస్తుంది. చదువుకు మొదటి తరం, నిజమే. తంగేడు చెక్కతో, సున్నంతో పచ్చితోలును ఏళ్లతరబడి చెడని తోలుగా మార్చినవాళ్లకు రసాయన శాస్త్రం తెలియదని ఏ గడి చెప్పాలి? లంద తొట్టి దగ్గర ఎవరు ఎంతసేపు నిలబడి చూశారు? ముక్కు మూసుకుని పోయినవాళ్లే మనకు వెనక ఏమీ లేదని రాశారు.

దుమ్ము చాటునున్నవాటిని పరారుణ కాంతిలో చూసే జేమ్స్ వెబ్ కూడా ఇప్పుడు ఐ జ్వికీ 18ను చూసింది. హబుల్, వెబ్ ఫొటోలు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. దింపుకున్నాక మధ్యలో మెరిసే నీలం దగ్గరే ఆగకండి. పెద్దది చేసి, చుట్టూ ఉన్న మసక చుక్కల్ని కాసేపు చూడండి.