మూత

తిరువూరు బస్టాండులో తాతయ్య రెండు లీటర్ల సీసా చేతిలో పెట్టాడు. ఆ పొద్దున గీసిన తాటికల్లు. మూత బిగించబోతే చెయ్యి పట్టుకున్నాడు. "వదులుగా ఉంచరా, అదింకా బతికే ఉంది."

లొట్టికి సున్నం పూస్తే కల్లు తీపిగానే ఆగుతుంది. పూయకపోతే ఈస్ట్ గంటల్లోనే పులియబెట్టేస్తుంది. హైదరాబాద్‌లో ఇంట్లోనే బీరు చేసే నా ఫ్రెండు సీసాల్లో చక్కెర కొలిచి వేసి, మూతలు బిగించి రెండు వారాలు ఆగుతాడు. ఆ సీసాల ఫొటోలు అందరికీ పంపుతాడు. నేను మాత్రం నా సీసాని బ్యాగులో టవల్ చుట్టి దాచాను. మూత కూడా బిగించేశాను.

ఖమ్మం దాటాక సీసా ఉబ్బింది. మూత తిప్పగానే బుస్సుమని పొంగి, బస్సంతా వాసన.

"ఎవరిదండీ?" అన్నాడు పక్కసీటాయన.

కాలేజీలో నాలుగేళ్లూ "మాది వ్యవసాయం" అని చెప్పుకున్నవాణ్ణి.

"మా తాతయ్య గీసిందండీ" అన్నాను.