నీళ్లు ఒకటే, బీమా లెక్కలు వేరు

తిరుపతిలో బండి ఉన్నవాళ్లకు అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు అప్పుడే వస్తాయి. 2021 నవంబరు వానలు ఇక్కడెవరూ మర్చిపోరు. తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. ఊళ్లో పల్లపు వీధుల్లో కార్లు, స్కూటర్లు నీళ్లలో నిలబడ్డాయి.

ఆ తర్వాత పాలసీ రెన్యువల్‌కు ముందు మా బీమా ఏజెంటును ఒక్కటే అడిగాను, కారు మునిగితే ఎంతొస్తుందని. "నీళ్లు ఎట్ల పొయ్యినాయో దాన్నిబట్టి ఉంటాది సార్" అన్నాడు. బీమా కంపెనీల లెక్కంతా ఆ మాటలోనే ఉంది.

1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ పాలసీని మాత్రమే. మన బండి మునిగితే దాని కింద పైసా రాదు. మన బండికి జరిగే నష్టాన్ని చూసుకునేది 'ఓన్ డ్యామేజ్' భాగం. అందులో వరద, ముంపు, తుపాను పేర్లు స్పష్టంగా ఉంటాయి. సెల్లార్లో ఆపిన కారులోకి వాన నీళ్లు చేరి సీట్లు, వైరింగు పాడైతే అది ముంపు నష్టం, క్లెయిము నడుస్తుంది. తలుపు రబ్బర్లు అరిగి, ఏళ్లతరబడి నీళ్లు కారి అడుగు తుప్పు పడితే మాత్రం అది అరుగుదల, రూపాయి రాదు.

పేచీ అంతా ఇంజిన్ దగ్గరే. మునిగిన కారుకు సెల్ఫ్ కొడితే నీళ్లు ఇంజిన్ సిలిండర్లోకి పోతాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజిన్ పట్టేస్తుంది. నష్టం లెక్కగట్టే సర్వేయరు దీన్ని వరద నష్టం కింద రాయడు. వరద తర్వాత యజమాని చేసిన పని వల్ల వచ్చిన నష్టమని, పాలసీ మినహాయింపుల కింద రాస్తాడు. ఈ ఖాళీని పూడ్చేదే ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్. అది ఉన్నా షరతులు కంపెనీకొక తీరుగా ఉంటాయి.

మాది పల్లపు వీధి. అందుకే కారుకు ఆ యాడ్-ఆన్‌తో పాటు జీరో డిప్రిసియేషన్ కూడా తీసుకున్నాను. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకూ బ్యాటరీకీ సగం ధర కోస్తారు. మునిగిన కారులో పాడయ్యేవి ఎక్కువగా అవే. పాత స్కూటరుకు మాత్రం థర్డ్ పార్టీతో సరిపెట్టాను. దాని విలువ మొత్తం పోయినా నా ఇల్లు గడుస్తుంది.

మరమ్మతు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే 'టోటల్ లాస్' అంటారు, అప్పుడిచ్చేది ఐడీవీ లెక్కనే. 4 లక్షల ఐడీవీ ఉన్న కారుకు ఆ గీత 3 లక్షలు. ప్రీమియంలో వందో వెయ్యో మిగులుతుందని ఐడీవీ తగ్గించి రాయించుకుంటే అలాంటి రోజున తెలుస్తుంది నష్టమెంతో.

ఒకసారి కారులోకి కొంచెం నీళ్లొచ్చి, శుభ్రం చేయించడానికి 6,000 బిల్లయింది. క్లెయిము వేయలేదు. చిన్న కారుకు తప్పనిసరి కోత 1,000 పోతే చేతికొచ్చేది 5,000. అప్పటికి నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము వేయనందుకు ప్రీమియంలో తగ్గింపు, ఉంది. క్లెయిము వేస్తే అది సున్నాకు పడి, తర్వాత ఏటా 20, 25, 35, 45 శాతంగా మళ్లీ ఎక్కుతుంది. బోనసుకు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుంటే, ఆ ఐదేళ్లలో పోయేది 5,000, 3,000, 2,500, 1,500, 500. అంటే 12,500. ఐదు వేలకు ఆశపడి పన్నెండున్నర వేలు పోగొట్టుకోవడం ఎందుకు? పోతే తట్టుకోలేనిదానికి బీమా, తట్టుకోగలిగినదానికి జేబు: నా సూత్రం ఇదే.

వాయుగుండం వార్త వచ్చాక యాడ్-ఆన్ కోసం పరుగెత్తితే లాభం లేదు. సెప్టెంబరులోనే పాలసీ తీసి చూడండి: ఓన్ డ్యామేజ్ ఉందా, ఇంజిన్‌కు రక్షణ ఉందా, ఐడీవీ ఎంత? బండి మునిగితే తాళం చెవి ముట్టుకోకండి. నీటి మట్టం కనిపించేలా ఫొటోలు తీసి, కంపెనీకి ఫోను చేసి, లాక్కెళ్లే బండిని పిలిపించండి. క్లెయిమును అన్యాయంగా తోసిపుచ్చితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడ ఫిర్యాదుకు ఖర్చు లేదు, లాయరూ అక్కర్లేదు.