చీటీ డబ్బులూ, కెమెరా సంబంధమూ

ఫిబ్రవరిలో చీటీ పాడితే చేతికి 60 వేలు వచ్చాయి. మా ఇంట్లో నాకంటూ వచ్చిన డబ్బుకి ఆయుష్షు తక్కువండీ. ఫ్రిజ్ తలుపు రబ్బరు దగ్గర్నుంచి మా అమ్మాయి హాస్టల్ ఫీజు దాకా అన్నీ దానివైపే చూస్తుంటాయి. అందుకని ఈసారి ముందే చెప్పేశాను, ఇది కెమెరా డబ్బు, దీని జోలికి ఎవరూ రావద్దని. మా వారు పేపరు కాస్త దించి, "ఉన్న కెమెరాకి ఏమైంది?" అన్నారు.

ఏమీ కాలేదు. అదే కదా చిక్కు!

నా దగ్గరున్నది కానన్ 1500డి. మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో కాలేజీ ఫోటోగ్రఫీ క్లబ్బు కోసమని కొన్నాం. ఆ మోజు ఆరు నెలల్లో తీరిపోయింది. కెమెరా బీరువాలో పట్టుచీరల పక్కన కలరా ఉండల వాసన పీలుస్తూ కూర్చుంది. రెండేళ్ళ క్రితం దాన్ని బయటికి తీసి, పెరట్లో మందారంతో మొదలుపెట్టాను. ఇప్పుడు మా వీధిలో నేను ఫోటో తియ్యని పిల్లి లేదు.

చీటీ సంగతి తెలిసి హైదరాబాద్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఆ పిల్ల పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తుంది, పనిలో గట్టిది. "అత్తా, డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయింది. నా మాట విని సోనీకి మారిపో" అంది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. పొయ్యి మీద పప్పు పెట్టి కెమెరా వీడియోలు చూడటం, అది మాడటం, మావారు మాట్లాడకుండా తినడం. మూడు వారాలు ఇదే వరస.

మార్చడమంటే ఫోన్ మార్చినట్టు కాదండీ. ఒక కంపెనీ కుక్కరు మూత ఇంకో కంపెనీ కుక్కరుకి పట్టదు కదా, ఇదీ అంతే. లెన్సు బిగించే మూతి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. కానన్ ఈఎఫ్ మూతి 1987 నాటిది. నికాన్ ఎఫ్ ఇంకా పాతది, 1959. అద్దం లేని కొత్త కెమెరాలు వచ్చాక 2018లో కానన్ ఆర్ఎఫ్ అనీ, నికాన్ జెడ్ అనీ వాళ్ళే మూతులు మార్చేశారు. సోనీ వాళ్ళ ఈ మూతి 2010లోనే వచ్చింది, అందుకే దానికి రకరకాల లెన్సులు దొరుకుతాయి. కెమెరా ఒక్కటి మారిస్తే సరిపోదు. లెన్సులు, బ్యాటరీలు, ఫ్లాషు అన్నీ దాని వెంటే మారాలి. ఈ 'సిస్టమ్' అన్నదానికి తెలుగులో ఏమనాలా అని ఆలోచిస్తే నాకు 'సంబంధం' అన్న మాటే తట్టింది. పెళ్ళికొడుకు ఒక్కణ్ణి చూస్తే చాలదు, అతని వెనకున్న ఇంటిల్లిపాదినీ చూడాలి.

అందులోనూ కొన్ని సంబంధాలు మధ్యలో తేలిపోతాయి. కానన్ వాళ్ళే 2012లో ఈఓఎస్ ఎం అని చిన్న కెమెరాల వరస ఒకటి తెచ్చి 2023లో ఆపేశారు. ఆ లెన్సులు కొత్త ఆర్ఎఫ్ కెమెరాలకి పట్టవు. నా ఈఎఫ్ లెన్సులకి ఆ గతి పట్టలేదు. మధ్యలో ఒక అడాప్టరు పెడితే కొత్త కానన్‌లోనూ పనిచేస్తాయి. ఈ ఒక్క ముక్క తెలిశాక నా గుండె సగం కుదుటపడింది.

అద్దం సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనక చిన్న అద్దం ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుతురుని అది పైకి మళ్ళించి మన కంటికి చూపిస్తుంది. బటన్ నొక్కగానే లేచి పక్కకి తప్పుకుంటుంది. మనకి వినపడే 'ఠక్'లో సగం దానిదే. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. సెన్సర్‌కి కనపడేదే ఓ బుల్లి తెరమీద మనమూ చూస్తాం. అందుకే అవి చిన్నవి, తేలికైనవి, కావాలంటే చప్పుడు లేకుండా కూడా తీస్తాయి.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, చాకలి పద్దు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీ తీసి ఓ పట్టిక వేశాను. రెండేళ్ళలో నాకు చేజారిపోయిన ఫోటోలు 40 ఏరి, ఒక్కోటీ ఎందుకు పోయిందో పక్కన రాశాను. పక్షి మరీ దూరంగా ఉండి పోయినవి తొమ్మిది, అన్నీ కాలవ గట్టు మీది లకుముకి పిట్టవే. ఫోకస్ ఎక్కడికో పోయినవి ఆరు. అందులో ఒకటి మా అత్తయ్యది, ఆవిడ ముఖం మసకగా, వెనక కేలండరు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. "నన్ను తియ్యలేదే అమ్మాయ్, వెంకన్నని తీశావు" అన్నారావిడ. ఇంకో మూడు ఏవో చిల్లరవి. మిగిలిన 22 ఒకే జబ్బు, ఇంట్లో మసక వెలుతురులో కదిలే చేతులు. ఆ 22లో 17 వంటింట్లో అత్తయ్య చేతులే.

అసలు నేను ఈ కెమెరా పట్టుకున్నదే ఆ చేతుల కోసం, ఇదివరకు ఎవరికీ చెప్పలేదు కానీ. అత్తయ్యకి 81. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. కుడి చెయ్యి ఈమధ్య కొంచెం వణుకుతోంది. అయినా ఆవకాయ మాత్రం ఇంకొకరిని కలపనివ్వరు. మొన్న సంక్రాంతికి అరిసెలు వత్తుతూ, "ఈ ఏడు నేను కలిపేస్తాను. పై ఏటి నుంచి నువ్వే కలుపుకో" అన్నారు. ఏదో ఉప్పు డబ్బా ఇవ్వమన్నంత మామూలుగా. అంటే నాకు మిగిలింది ఒక్క మే నెల. కొత్త కెమెరా కొంటే అప్పటికి అది నా చేతికి అలవాటవ్వాలి. నికాన్ లెన్సు కానన్‌కి ఎదురు దిశలో తిప్పి బిగించాలట, జూమ్ కూడా చాలావాటికి ఎదురేనట. కొత్త స్టవ్ వచ్చిన వారం రోజులూ సిమ్ అనుకుని మంట పెంచేస్తామే, అలా ఉంటుందన్నమాట. ఆవకాయకి రెండోసారి అవకాశం ఉండదు.

కొనేముందు అద్దెకి తెచ్చి చూడమని సలహా ఇచ్చింది కూడా మేనకోడలే. విజయవాడలో రోజు అద్దెకి కెమెరాలిచ్చే షాపులో సోనీ ఎ6400 దాని కిట్ లెన్సుతో, నా కానన్‌కి బిగించుకునే 50 ఎం.ఎం. లెన్సు ఒకటి, రెండు రోజులకి తెచ్చాను.

సోనీ చేతిలో పెట్టుకోగానే మనసు జారింది, నిజం చెప్తున్నా. నా కెమెరా కన్నా ఎంత తేలికో! మనిషి ఇటు తిరగగానే కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది. కళ్ళజోడు వెనక ఉన్నా వదల్లేదు. కేలండరు గొడవ ఇక లేనట్టే. కానీ వంటింట్లోకి వెళ్ళేసరికి కథ మొదటికొచ్చింది. అక్కడున్నది ఒక కిటికీ, ఒక ట్యూబ్‌లైటు. దాని సెన్సరూ నాదీ ఇంచుమించు ఒకే సైజు. దాని కిట్ లెన్సు కూడా నా 18-55 లాగే ముందుకి జూమ్ చేస్తే ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు. జంతికల గిద్ద తిప్పే చెయ్యి అందులోనూ మసకే.

పాత కెమెరాకే 50 బిగించాను. అది ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. అంకెలు చూస్తే మూడు రెట్ల తేడాయే కానీ, వెలుతురు వైశాల్యం లెక్కన వస్తుంది కనక తొమ్మిది రెట్లకి పైనే. సెకనులో పదో వంతు పట్టే ఫోటో తొంభయ్యో వంతులో అయిపోతుంది. అత్తయ్య చేతి మీద నరాలు, గాజు మీద అంటిన పిండి, అన్నీ వచ్చాయి. తెర మీద అది చూసి నేను పొయ్యి గట్టు మీద చతికిలబడ్డాను. ఒక్కటే ఇబ్బంది. ఈ చిన్న సెన్సర్ మీద 50 కాస్తా 80లా దగ్గరగా చూపిస్తుంది. చేతులు వస్తే మనిషి రాదు. మనిషి రావాలంటే నేను గడప దాటి హాల్లోకి పోవాలి.

ఇంకో సంగతి నేను అనుకోనిది. చప్పుడు లేకపోవడం సోనీకి పెద్ద సుగుణమని లెక్క వేసుకున్నాను. 'ఠక్' వినగానే అత్తయ్య కొంగు సర్దుకుంటారు, బిగుసుకుంటారు. చప్పుడే లేకపోతే ఆవిడ పాటికి ఆవిడ ఉంటారు కదా అని. పది ఫోటోలు తీసుంటాను. ఆవిడ గిద్ద పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"తీశావా లేదా? చప్పుడు రాలేదే?"

"తీశానత్తయ్యా, దీనికి చప్పుడుండదు."

"మరి నాకెట్టా తెలుస్తుందే? ఊపిరెప్పుడు వదలను?"

రెండేళ్ళుగా నేను కెమెరా ఎత్తినప్పుడల్లా ఆవిడ ఊపిరి బిగబట్టి ఆ చప్పుడు కోసం చూస్తున్నారట. వినపడగానే వదులుతారట. పాత ఫోటోలన్నీ మళ్ళీ తిరగేశాను. నిజమే. వరసగా రెండు తీసిన చోటల్లా రెండోదే బాగుంది, భుజాలు దిగి, నోరు కొంచెం తెరుచుకుని, మామూలు అత్తయ్యలా. ఇప్పుడు మొదటి 'ఠక్' ఆవిడకి, రెండోది నాకు.

సోనీ మంచిది కాదని నేననను. ఒక్క రోజులో వేలకొద్దీ ఫోటోలు తియ్యాల్సిన మా మేనకోడలికి ఆ కన్ను పట్టే విద్య లేకపోతే పనే జరగదు. తాళి కట్టే క్షణం మళ్ళీ రాదు కదా. ఆ మాటకొస్తే కిట్ లెన్సు ఒక్కటే ఉన్న కొత్తవాళ్ళకి మారడం చాలా తేలిక, వదులుకునేది ఏమీ లేదు గనక. నాలుగు లెన్సులు పోగేశాక మారితేనే నష్టం. మీ పట్టికలో 22 ఫోకస్ దగ్గర పోయి ఉంటే హాయిగా మారిపొండి. నావి అక్కడ పోలేదు.

నేను కొన్నవి రెండే. 50 ఎఫ్ 1.8 కొత్తదే తీసుకున్నాను, 10 వేలకి అటూ ఇటూ. 24 ఎఫ్ 2.8 అని బిస్కెట్టంత పలచటి లెన్సు, సెకండ్‌హ్యాండ్‌లో. 24 నా కెమెరా మీద 38లా చూపిస్తుంది, వంటింట్లోనే నిలబడి మనిషినీ బేసిన్‌నీ కలిపి తియ్యొచ్చు. అందరూ మిర్రర్‌లెస్‌కి పోతున్నారు కదా, పాత లెన్సుల ధరలు మనలాంటి వాళ్ళకి అందుబాటులోకి దిగాయి. రేపు 1500డి మూలపడితే ఈ రెండూ అడాప్టరుతో కొత్త కానన్‌కి వస్తాయి. లకుముకి పిట్ట సంగతి ఈసారికి వదిలేశాను, దాని లెన్సు బేరం వేరు.

బిల్లు మీద ఏ పేరు రాయమంటారని కొట్టబ్బాయి అడిగి, నేను చెప్పేలోపే మా వారి వైపు చూశాడు. నా పేరే రాయించాను. మన దేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయి వ్యారావాలా తొలినాళ్ళలో తీసిన ఫోటోలు ఆవిడ భర్త పేరు మీద అచ్చయ్యేవట. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నావిడ! నాకు ఆ స్థాయి లేకపోయినా బిల్లుకి పేరుంది కదా. మిగిలిన డబ్బు పోస్టాఫీసులో వేశాను. ఫ్రిజ్ రబ్బరుకి మాత్రం కాస్త తియ్యక తప్పలేదు.

"పాత సంబంధమే ఖాయం చేశావన్నమాట" అంది మేనకోడలు. చేతుల ఫోటో పంపిస్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆవకాయ రోజు నేనూ వస్తానత్తా, కెమెరా లేకుండా" అంది.

కాయ కొట్టే మనిషికి అత్తయ్య అప్పుడే కబురు పెట్టారు. ఈలోపు నేను 24 బిగించి రోజూ ఓ అరగంట సాధన చేస్తున్నాను, ప్రస్తుతానికి కందిపొడి మీద.