ఏ గీత పొడుగు?

"సైకాలజీ తీసుకున్నావా? అయితే ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం!" డిగ్రీలో ఆ సబ్జెక్టు తీసుకున్న పిల్లలెవరికైనా మొదటి నెలలోనే, ఏ పెళ్లిలోనో హాస్టల్ మెస్‌లోనో ఈ ప్రశ్న ఎదురవుతుంది. అడిగేవాళ్ల తప్పేమీ లేదు. మన సినిమాల్లో సైకాలజీ అంటే ఎదుటివాడి గుట్టు పట్టే విద్య. పుస్తకాల షాపులో ఆ అర దగ్గర నిలబడితే ముందు చేతికి తగిలేవి వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. వాటిని చదివి వచ్చి మొదటి సెమిస్టర్ క్లాసులో కూర్చున్నవాళ్లకు అక్కడ వేరే సంగతి మొదలవుతుంది. ఎదుటివాళ్ల మనసు మాట తర్వాత చూద్దాం, ముందు నీ కన్ను నీకు చెప్పేది ఎంతవరకు నమ్మచ్చో, నీ జ్ఞాపకం ఎంతవరకు సాక్ష్యానికి పనికొస్తుందో తేల్చుకో అంటుంది ఆ కోర్సు. నేను చదివిన చదువులన్నిట్లో ఈనాటికీ రోజూ అక్కరకొస్తున్నది అదే.

అయితే అది పాఠాల్లో కన్నా ప్రాక్టికల్ గదిలో ఎక్కువ ఒంటబట్టింది. నాడీ మండలం, గ్రంథులు, మెదడులో భాగాల పేర్లు బట్టీ పట్టాం, పరీక్ష రాశాం. అవసరమే, కాదనను. మోర్గన్ అండ్ కింగ్ పుస్తకం నిండా పెన్సిల్ గీతలు గీసుకున్నాం. కానీ హైదరాబాద్‌లో మా కాలేజీ మేడమీద, పొడుగాటి బల్లలున్న ఆ గదిలో మొదటిసారి మ్యూలర్-లయర్ బోర్డు చేతికొచ్చినప్పుడు గానీ ఇది ఎలాంటి శాస్త్రమో తెలియలేదు.

ఆ బోర్డు చూడటానికి చాలా మామూలు వస్తువు. ఒక పలక మీద గీత, దానికి రెండు చివర్లా బాణం మొనలు. పక్కనే జరిపే పట్టీ, దాని మీద ఇంకో గీత. ఈ గీత చివర మాత్రం మొనకు బదులు రెక్కలు బయటికి విచ్చుకుని ఉంటాయి. పట్టీని జరుపుతూ, రెండు గీతలూ సమానమయ్యాయని అనిపించిన చోట ఆపాలి. మిల్లీమీటర్ల కొలత బోర్డు వెనక ఉంటుంది. అది ప్రయోగం చేయించే మనిషికే కనిపిస్తుంది. మేం ఇద్దరిద్దరం జతలు. ఒకరు ప్రయోగం చేసేవారు, ఒకరు చేయించుకునేవారు, తర్వాత తారుమారు. పట్టీని ఒకసారి లోపలి నుంచి బయటికి లాగాలి, ఒకసారి బయటి నుంచి లోపలికి నెట్టాలి. ఒకసారి కుడివైపు పెట్టుకోవాలి, ఒకసారి ఎడమవైపు. చేతి అలవాటు లెక్కలో కలిసిపోకుండా ఇన్ని జాగ్రత్తలు. చివరికి సగటు తీస్తే దాదాపు అందరికీ ఒకటే ఫలితం: రెక్కలున్న గీత పొడుగ్గా కనిపిస్తుంది కనక దాన్ని పొట్టిగానే ఆపేస్తాం. 1889లో జర్మనీకి చెందిన ఫ్రాంజ్ మ్యూలర్-లయర్ లోకానికి చూపించిన భ్రాంతి ఇది.

అసలు పాఠం కొలత అయిపోయాక మొదలైంది. నా జత అమ్మాయి పట్టీని వెనక కొలత చూసి సరిగ్గా సమానం చేసింది. తిప్పి ముందు నుంచి చూసింది. మళ్లీ వెనక్కి తిప్పి కొలత చూసింది. "మేడమ్, సమానమని తెలిసి కూడా అలాగే కనిపిస్తోంది" అంది. "అలాగే కనిపిస్తుంది తల్లీ. నాకు ఇరవై ఏళ్లుగా అలాగే కనిపిస్తోంది. అందుకే స్కేలు పెట్టుకునేది" అన్నారు మేడమ్.

ఈ మాట దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. తప్పని తెలిస్తే చాలు, ఆ తప్పు పోతుందని మనకో గట్టి నమ్మకం. నాలుగు మంచి మాటలు చెబితే మనుషులు మారతారని సభలు పెడతాం. కంటి విషయంలోనే అది నిజం కాలేదు. ఒక మనిషి యాసను బట్టి, ఒంటి రంగును బట్టి, ఇంటిపేరును బట్టి చటుక్కున ఏర్పడే అభిప్రాయమూ అంతే. తప్పని తెలిశాక కూడా మళ్లీ అలాగే తోస్తుంది. పరీక్ష పేపరు దిద్దేవాళ్లకు పేరు కనపడకుండా కోడ్ నంబరు వేస్తారు చూడండి, దాని వెనక ఉన్నది ఈ తెలివిడే. దిద్దేవాళ్లు చెడ్డవాళ్లని కాదు, మనిషి చూపు మీద స్కేలు పెట్టక తప్పదని.

జ్ఞాపకం సంగతి ఇంకా గట్టిది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో వేసిన పుస్తకంలో ప్రయోగానికి లోబడిన మనిషి ఒక్కడే, అతనే. అర్థంలేని అక్షరాల గుంపులు సుమారు 2,300 తయారు చేసుకుని, వరసలు కట్టి, కంఠతా పట్టి, కొంతకాలం ఆగి మళ్లీ పట్టాడు. రెండోసారి నేర్చుకోవడంలో ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కగట్టాడు. ఇరవై నిమిషాలకు ఆ ఆదా 58 శాతం, ఒక రోజుకు 34, నెలకు 21. మరుపు మొదటి గంటల్లోనే పెద్ద ఊడుపు ఊడ్చేస్తుంది, ఆ తర్వాత మెల్లగా సాగుతుంది. ఈ ప్రయోగం మేం తెలుగులో చేశాం. ఎలాగూ మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనక, చివర పొల్లు పెడితే చాలు, అర్థం ఉండదు: గెప్, జోవ్, లిఫ్, తూక్. బస్, కప్, పెన్ లాంటివి మాత్రం ఏరి పారేయాలి, అవి ఎప్పుడో మనవైపోయాయి. ఆ వరస రాసిన డ్రమ్ము తిరుగుతూ ఉంటే చిన్న కిటికీలోంచి ఒక్కొక్కటే కనిపించేది. వరసలో మొదటివీ చివరివీ నిలిచేవి, మధ్యవి జారిపోయేవి. పరీక్ష ముందురోజు రాత్రి ఒక్క ఊపున చదివే చదువు మీద అప్పటితో నాకు భ్రమ పోయింది. కొంచెం చదివి, వదిలేసి, మర్నాడు మళ్లీ చదవడం నేర్చుకున్నాను. మా ఇంట్లో పిల్లలందరికీ అదే చెప్తున్నాను.

మరిచిపోవడం ఒక ఎత్తు, మారిపోవడం ఇంకో ఎత్తు. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో విద్యార్థులకు కార్లు గుద్దుకునే ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో పోతున్నాయని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదం మార్చారు. రెండు కార్లూ 'తగిలినప్పుడు' అన్న అర్థంలో అడిగితే వచ్చిన సగటు జవాబు గంటకు సుమారు 32 మైళ్లు. 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' అన్న అర్థంలో అడిగితే దాదాపు 41. ఇంకో బృందాన్ని వారం ఆగి, పగిలిన అద్దం చూశారా అని అడిగారు. 'నుజ్జయిన' ప్రశ్న విన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. ఇది చదివాక మా బంధువుల్లో పాతికేళ్లుగా నలుగుతున్న ఒక పెళ్లి తగాదా నాకు కొత్తగా అర్థమైంది. విడిది ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమన్నారన్న దానికి రెండు వైపులా రెండు కథలు. ఒకరు అబద్ధమాడుతున్నారనే అందరూ తేల్చుకున్నారు. ఎవరూ ఆడటం లేదేమో. ఏటా ఆ కథ చెప్పుకున్నప్పుడల్లా వాడిన మాటలే జ్ఞాపకంలోకి చేరి కూర్చున్నాయేమో. మా పెద్దత్తయ్యకు ఈ ప్రయోగం గురించి చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు గానీ, ఆ తర్వాత 'అన్నది' అనడం మానేసి 'అన్నట్టు గుర్తు' అనడం మొదలుపెట్టింది. నాకది చాలా పెద్ద మార్పు.

అద్దంలో చూస్తూ బొమ్మ దిద్దే ప్రాక్టికల్ అందరికీ ఇష్టం. జంట గీతలతో ఒక నక్షత్రం బొమ్మ, చేతిని నేరుగా చూడనీకుండా ఒక అడ్డుపలక, ఎదురుగా అద్దం. ఆ రెండు గీతల మధ్యగా పెన్సిలు నడపాలి. తిన్నటి భాగం ఎలాగో గడుస్తుంది. మూల తిరగాల్సిన చోట చెయ్యి మొరాయిస్తుంది, మనం అటు అంటే అది ఇటు పోతుంది. పక్కన స్టాప్‌వాచి. ముందు ఎడమచేత్తో ఒకసారి, తర్వాత కుడిచేత్తో పదిసార్లు, మళ్లీ ఎడమచేత్తో ఒకసారి. కుడిచెయ్యి నేర్చుకున్న దాంట్లో కొంత, ఏమీ సాధన చేయని ఎడమచేతికీ అందుతుంది. 1953లో మూర్ఛవ్యాధికి ఆపరేషన్ అయ్యాక కొత్త జ్ఞాపకాలు నిలుపుకోలేకపోయిన హెన్రీ మొలైసన్ చేత కూడా బ్రెండా మిల్నర్ ఇలాంటి నక్షత్రాన్నే గీయించింది. మూడు రోజుల్లో అతని చెయ్యి చక్కగా కుదురుకుంది. అంతకు ముందెప్పుడైనా గీశానన్న సంగతి మాత్రం అతనికి గుర్తు లేదు. 2008లో చనిపోయేదాకా లోకానికి అతను 'హెచ్.ఎం.' అన్న రెండక్షరాలే. తనకు గుర్తుండని పరీక్షలకు ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చున్న ఆ మనిషికి ప్రతి సైకాలజీ విద్యార్థీ రుణపడి ఉన్నాడనుకుంటాను.

రాశిఫలాలు నమ్మే స్నేహితులకు నేను చెప్పే కథ బెర్ట్రమ్ ఫోరర్‌ది. అమెరికాలో ఇలాంటి మొదటి కోర్సే చెబుతూ, 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, నీ స్వభావం ఇదీ అంటూ ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో మాటలు ఎక్కువగా ఒక జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. అది అచ్చయింది 1949లో.

ఇంకో రెండు మాటలు. ఈ కోర్సు చదివినవాళ్ల నోట 'మెంటల్' అనీ, 'ఎర్రగడ్డకు పంపాలి' అనీ తిట్లు రాకూడదు. మమ్మల్ని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఓపీ దగ్గర ప్లాస్టిక్ కవర్లో పాత చీటీలు భద్రంగా పట్టుకుని, జిల్లాల నుంచి రాత్రి బస్సుల్లో వచ్చిన తల్లులను చూశాను. అంతకుమించి నాకు చెప్పక్కర్లేకపోయింది. రెండోది, ఈ శాస్త్రం తన లెక్కలు తానే తిరగేసుకుంటుంది. 2015లో పెద్ద పరిశోధక బృందం వంద పాత ప్రయోగాలను మళ్లీ చేస్తే సుమారు 36 శాతమే గట్టిగా నిలిచాయి. పాఠ్యపుస్తకంలో ఇది కూడా మొదటి అధ్యాయంలోనే ఉండాలి. పిల్లల నమ్మకం చెడుతుందని దాచిపెట్టడం నాకు నచ్చదు.

నన్నడిగితే ఇంజనీరింగ్ పిల్లలకూ, కామర్స్ పిల్లలకూ, టీచర్ కాబోయేవాళ్లకూ ఒక్క సెమిస్టర్ ఈ కోర్సు ఉండాలి, అదీ ప్రాక్టికల్స్‌తో. ప్రాక్టికల్ లేని సైకాలజీ మళ్లీ సూక్తుల పుస్తకమైపోతుంది.

పైగా చేయాల్సిన పని మన చుట్టూ ఉంది. డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1901-02లో నీలగిరుల్లో తోడా తెగవాళ్ల దగ్గరికి వెళ్లి ఈ మ్యూలర్-లయర్ గీతల భ్రాంతినే కొలిచాడు. ఇంగ్లీషువాళ్లకన్నా తోడాలే తక్కువ మోసపోయారు. 1966లో సీగల్, క్యాంప్‌బెల్, హెర్స్కొవిట్స్ అనేక దేశాల్లో కొలతలు తీసి, నలుచదరపు గదుల మూలలు చూస్తూ పెరిగిన కంటికే ఈ భ్రాంతి ఎక్కువేమోనన్నారు. ఆ వివరణ మీద వాదన ఇంకా తెగలేదు. మన ఉత్తరాంధ్ర తీరంలో తుఫాను గాలికి తట్టుకునేలా గుండ్రంగా కట్టిన చుట్టిళ్లలో పుట్టి పెరిగినవాళ్లున్నారు. నల్లమలలో గుండ్రటి గుడిసెల్లో బాల్యం గడిపిన చెంచు పెద్దలున్నారు. వాళ్ల మనవలు స్లాబు ఇళ్లలో ఉన్నారు. ఒకే కుటుంబంలో రెండు రకాల ఇళ్ల కళ్లు దొరకడం ఏ పరిశోధకుడికైనా అదృష్టమే. అట్టముక్కతో బోర్డు చేసుకోవచ్చు, ఒక స్కేలు, రాసుకోవడానికి నోటు పుస్తకం, మర్యాదగా మాట్లాడే ఇద్దరు విద్యార్థులు చాలు. విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఏదో ఒక డిగ్రీ కాలేజీ ఈ పని తలకెత్తుకోవాలి. చుట్టింట్లో పెరిగిన తరం ఇప్పుడు పెద్దవయసులో ఉంది, శుక్లాలు రాకముందే వెళ్లాలి.