నొప్పి చెప్పని గుండె

నెత్తురు నిండ చక్కెర యుండగా గుండె యాకలిగొనుట యెట్లని కురవిలో మా యరుగుపై గూర్చున్న పెద్దమనుష్యుడొకడు మమ్ము నడిగెను. గాదె నిండ ధాన్యమున్నను తాళపుచెవి లేనియింటివారు పస్తుండరా యని మేమంటిమి. ఆ తాళపుచెవి ఇన్సులిన్. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు దానిని వెలికి దీసిరి. అది చాలనప్పుడును, దేహము దాని మాట విననప్పుడును, చక్కెర నెత్తుటనే నిలిచిపోవును. గుండెకండరము కొవ్వునే మఱింతగా మండించుకొని పనిచేయును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. కొవ్వునుండి యంతే శక్తిని రాబట్టుటకు చక్కెరకంటె నెక్కువ ప్రాణవాయువు కావలెను. ఆ నిలిచిన చక్కెరయో, రక్తనాళముల లోపొరను జెఱచి దారిని సన్నగిలజేయును. అడుగునది పెరిగినది; అందునది తరిగినది.

ఈ శక్తి లెక్కను లోకమునకు దెలిపినవారిలో మన తెలుగువా డొకడు గలడు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కెతో గూడి కండరములలోని ఫాస్ఫోక్రియాటినును 1927లోను, ఏటీపీని 1929లోను ప్రకటించిరి. ఏటీపీ కండరమునకు చేతిలోని చిల్లర. ఫాస్ఫోక్రియాటిను రొంటిన దోపుకొనిన సొమ్ము. గుండెనాళము పూర్తిగా మూసికొన్నచో రొంటి సొమ్ము చూచుచుండగనే కరగును. నిమిషము గడచునప్పటికి నా భాగము ముడుచుకొనుట మానును. అంతట కండరము ప్రాణవాయువు లేకయే చక్కెరను విఱుచుకొన జూచును. వాయువున్నచో నొక్క చక్కెర యణువునకు ముప్పది వఱకు రావలసిన ఏటీపీలు అప్పుడు రెండే వచ్చును. పైగా పులుపు పేరుకొనును. ఇరువది నిమిషములు దాటెనా, కణములు చచ్చుట కారంభించును. చచ్చినచోట మరల కండరము మొలవదు, మచ్చ మిగులును. సుబ్బారావుగారును 1948లో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, గుండెపోటుతోనే గతించిరి.

ఇంతటి వినాశము జరుగుచుండగా ఱొమ్ములో నొప్పి రావలదా? రాకపోవచ్చును. బహుకాలపు మధుమేహము నరములను మొద్దుబార్చును. ఇండ్లలో దీనిని నమ్మువారు తక్కువ.

మా మేనత్తకు పదునాలుగేండ్లనుండి చక్కెరజబ్బు. శివరాత్రికి వీరభద్రస్వామి జాతర చూడవచ్చిన చుట్టములకు వండి వడ్డించుచు, అందఱికంటె చివర తినబోయి, చల్లని చెమటలు పట్టి ఆయాసముతో గోడకు చేరగిలబడెను. నొప్పియున్నదా యనిరి, లేదనెను. అయిన వాయువే యని తేల్చి వామునీళ్లు త్రాగించిరి. మగవానికి రెండు తుమ్ములు వచ్చిన కారు బయలుదేరు నిండ్లలో ఆడుదానికి వామునీళ్లే వైద్యము! మధుమేహము లేని స్త్రీలకు నడివయస్సువఱకు గుండెజబ్బు పురుషులకంటె తక్కువ. మధుమేహము ఆ మేలును చాలవఱకు హరించును. ఈ సంగతి మామగారికి దెలియదు, అత్తకును దెలియదు.

మఱునాడు వరంగల్లు తీసికొనిపోయి ఈసీజీ తీయించిరి. కండరములో కొంత యప్పటికే పోయినది. మిగిలినదానిని మందులతో నిలువబెట్టిరి. ఇపుడామె నాలుగు మెట్లెక్కి యాగును. ఎవరైన వాయువను మాట యెత్తిన, "ముందు ఈసీజీ తీయించుండ్రి, ఆ తర్వాత వాయువనుండ్రి" అని కసరును.