రెండు చుక్కలు

ఇంజన్ విప్పడం పెద్ద పనేం కాదు. నేనూ విప్పేశాను. మళ్లీ బిగించాక తిరిగితేనే కదా మనకేమైనా వచ్చినట్టు!

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. నల్లరేగడి నేల. పత్తి, మిర్చి వేస్తాం. వాగులోంచి చేలోకి నీళ్లు తోడేది తాతయ్య కొన్న 5 హెచ్‌పీ ఆయిలింజను. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లేసరికి దానికి కంప్రెషన్ పోయింది. ఎంత తిప్పినా పొగే. చేలో మిర్చి పూత, పిందె మీదుంది. తడి ఆలస్యమైతే రెండూ రాలిపోతాయి.

"మెకానిక్ వారం దాకా రాలేనన్నాడురా" అన్నాడు నాన్న.

మెకానికల్ థర్డ్ ఇయర్ వాణ్ని, ఊరుకుంటానా? "నేను చేస్తా" అన్నాను. ధైర్యం రీల్స్ ఇచ్చింది. మాజ్దా ఆర్‌ఎక్స్-7 రోటరీ ఇంజన్‌ని నిమిషంలో విప్పి బిగించే వీడియోలు వందసార్లు చూసుంటాను.

అడుగడుక్కీ ఫోన్లో ఫొటో తీశాను. పిస్టన్‌కి కొత్త రింగులు వేశాను. రింగుల నోళ్లన్నీ ఒకే వరసలో ఉంటే గ్యాస్ జారిపోతుంది, అందుకే దూరదూరంగా తిప్పి పెట్టాను. అక్కడితో ఆగితే సరిపోయేది. అవసరం లేకపోయినా పక్క మూత తీసి గేర్లు కూడా ఊడదీసి కడిగాను. ఫొటోలో ఉన్నట్టే మళ్లీ పెట్టాను. ఒక్క నట్టు కూడా మిగల్లేదు.

హ్యాండిల్ తిప్పితే సగంలో ఠక్కున ఆగింది. ఇంకా బలంగా తిప్పబోయాను. నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా, అది వద్దంటోంది."

రాత్రి మెకానిక్ బాబాయ్‌కి వీడియో కాల్ చేశాను. "క్రాంక్ గేరు మీద ఒక చుక్క, క్యామ్ గేరు మీద ఒక చుక్క ఉంటాయి. ఎదురెదురుగా ఉన్నాయా?" అన్నాడు.

"లేవు బాబాయ్. ఫొటోలో కూడా లేవు."

"ఆ ఫొటో తీసినప్పుడు పిస్టన్ ఎక్కడుందబ్బాయ్?"

నా దగ్గర జవాబు లేదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే చుక్కలు రెండు చుట్లకోసారే కలుస్తాయి. ఫొటో తీశాక, పిస్టన్ లాగడానికి క్రాంక్‌ని నేనే తిప్పాను. గేర్లని మాత్రం పాత ఫొటో ప్రకారం పెట్టాను. పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వు కిందికి దిగి దానికి అడ్డం పడింది. నాన్న ఆపకపోతే వాల్వు వంగిపోయేదే.

చుక్కలు కలిపి మూత బిగించి పడుకున్నాను. నిద్ర పట్టక పాత రోటరీ వీడియోనే మళ్లీ పెట్టాను. ఈసారి వేరేగా కనిపించింది. మూడు మూలల రోటర్ లోపల 51 పళ్లు, దాని మధ్యలో కదలకుండా ఉండే గేరుకి 34 పళ్లు. రోటర్ ఒక్క చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అక్కడ వాల్వులు లేవు, గాలి దారుల్ని రోటరే తన అంచులతో మూసి తెరుస్తుంది. మన రింగుల పని మూలల్లో ఉండే సీల్స్ చేస్తాయి. రోటర్‌ని తప్పు పన్ను మీద కూచోబెడితే మూలలు గోడకి తన్నుకుంటాయి. 1991లో లె మాన్స్ రేసు గెలిచిన మాజ్దా 787బి ఇంజన్ అయినా, వాగు గట్టు మీద మా ఆయిలింజనైనా పట్టించుకోవాల్సింది ఒకటే: ఇది ఇక్కడుంటే, అది ఎక్కడుండాలి?

పొద్దున్నే హ్యాండిల్ తిప్పాను. రెండోసారికి అందుకుంది. టక టక టక... పైపులో నీళ్లొచ్చాయి.

నాన్న మెచ్చుకోలేదు, తిట్టలేదు. పార తీసుకుని మిర్చి సాళ్లకి మడవ తిప్పుతూ, "ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు ఫోన్ పక్కనబెట్టి ఆయన దగ్గర కూచో" అన్నాడు.